భానుమతి గారు కూర్చున్న రోజు

సన్నీవేల్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో సత్యనారాయణ వ్రతం జరిగితే, కథ మొదలయ్యేసరికి చాప మీద ఒక చోటు ఖాళీ అయ్యేది. అది భానుమతి గారిది. అధ్యాయాలన్నీ కదలకుండా వినడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. సాధువైశ్యుడి పడవ తీరం చేరేలోపు ఆవిడ ఆ ఇంటివాళ్ళ గిన్నెలు తోమి, డిష్‌వాషర్ ఖాళీ చేసి, పెరట్లో పిల్లల తగువొకటి తీర్చి, సరిగ్గా హారతికి వచ్చి నిలబడేవారు. పుణ్యం తక్కువేమీ కాలేదు.

ఒకసారి మా ఇంటికొచ్చారు. నేను టీ పెడుతున్నాను. ఆ కాస్త టీ మరిగేలోపు నా పోపుల డబ్బా సర్దేశారు. ఆవాలుండే గిన్నెలో మెంతులు, మెంతులుండే గిన్నెలో జీలకర్ర. ఆ వారమంతా మా ఇంట్లో చారు చేదుగా ఉంది. మా ఆయన అడిగితే నీళ్ళ మార్పు అని చెప్పాను.

వాళ్ళాయన రాజగోపాల్ గారు పెళ్ళైన కొత్తలోనే ఆవిడకి కాలు కాలిన పిల్లి అని పేరు పెట్టారట. ఆ మాట అంటున్నప్పుడల్లా ఆయన సోఫాలోనే ఉండేవారు. నాకు తెలిసి ఆయన సోఫాలో లేనిది భోజనానికి, నిద్రకి. ఆ రెండింట్లోనూ కొంత భాగం అక్కడే జరిగేది.

ఆస్పత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ భానుమతి గారికి ఆ కాళ్ళే అన్నం పెట్టాయి. ఒక గంట మోగితే ఇటు, ఇంకో గంట మోగితే అటు. రిటైరైన తర్వాత ఇంట్లో గంటలు మోగడం మానేశాయి, కాళ్ళు మాత్రం మానలేదు. ఆ దశలోనే ఎవరో ఆవిడని శనివారం నడకవాళ్ళ గుంపులో చేర్చారు. చేర్చినవాళ్ళు రాజగోపాల్ గారి శ్రేయోభిలాషులై ఉంటారని నా అనుమానం.

ఆ గుంపు ఎండాకాలమంతా, శనివారం తెల్లవారుజామున బయల్దేరి సియెర్రా కొండల మీదికి పోతుంది. ఎత్తైన లోయల్లో, పచ్చిక బయళ్ళలో నడిచి, సాయంత్రానికి దిగి, రాత్రికి ఇల్లు చేరడం. ముందు ఒక లీడర్, వెనక ఒక స్వీప్. స్వీప్ అంటే అందరికన్నా ఆఖరున నడుస్తూ ఎవరూ వెనకబడకుండా చూసే మనిషి. భానుమతి గారు దాన్ని తెలుగులో తోక అనేవారు. నాలుగేళ్ళు ఆవిడే తోక. లీడర్ అవ్వాలని ఆవిడ కోరిక.

"తోకకి కొండ కనపడదమ్మా," అని చెప్పారు నాతో ఒకసారి. "ముందువాళ్ళ వీపులు కనపడతాయి. ఒకళ్ళు ఫోటో తీసుకుంటారు, ఆగు. ఒకళ్ళు లేస్ కట్టుకుంటారు, ఆగు. ఆగీ ఆగీ నా ప్రాణం విసిగిపోయింది. ముందుంటే ఆ బాధ ఉండదు. నడుచుకుంటూ పోవడమే."

లీడర్ కావాలంటే ఒక పరీక్ష ఉంది. తన మనుషుల్ని తానే పోగుచేసుకుని ఒక రోజు నడిపించి, అందరినీ క్షేమంగా తీసుకురావాలి. పాత లీడర్ ఒకరు వెంట వచ్చి చూస్తారు గానీ నోరు మెదపరు. తప్పితే మళ్ళీ రెండేళ్ళ దాకా అడగకూడదు. భానుమతి గారికి ఎర్రలైటు దగ్గర రెండు నిమిషాలే రెండేళ్ళు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూసి, నాకు నడక చేతకాదన్న సంగతి కూడా మర్చిపోయి, నేనొస్తానన్నాను.

అది 2012 జూలై. మనుషుల్ని పోగుచేయడం ఆవిడకి కష్టం కాలేదు, మేమందరం ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ చేత గిన్నెలు తోమించుకున్నవాళ్ళమే. తోకగా శ్రీలేఖని పెట్టుకున్నారు. ఆ అమ్మాయి సన్నీవేల్‌లోనే ఒక కంపెనీలో ఇంజనీరు, గట్టిపిల్ల. ఫ్రీమాంట్ నుంచి లక్ష్మీపతి గారు, ఆయన భార్య జయంతి గారు వచ్చారు. లక్ష్మీపతి గారు గుండె డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. కొండెక్కడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులకి గుండీలు పెట్టుకుని వచ్చారు. ఆయన తుమ్మగా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. రాజగోపాల్ గారు, భార్య పరీక్ష కదా అని, జీవితంలో మొదటిసారి కొండకి వచ్చారు. మార్గమధ్యంలో రెస్ట్ ఏరియాలో జయంతి గారి ఇడ్లీలు, ఫ్లాస్కు కాఫీ అందని మనిషి లేడు.

పరీక్షించడానికి వచ్చినావిడ పేరు మార్లీన్. డెబ్భై దాటిన తెల్లావిడ, సన్నగా, ఎండిన కొమ్మలా ఉన్నారు. పలకరిస్తే నవ్వారు. ఆ నవ్వుతో ఆ రోజుకి మాటల కోటా అయిపోయినట్టుంది.

కార్సన్ పాస్ దగ్గర కార్లు ఆపి, భానుమతి గారు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి నియమాలు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నారు. ఇక్కడ ఫోన్లు పనిచేయవు. దారి వదలకూడదు. తప్పిపోయామనిపిస్తే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలి. ఇక, అవసరానికి పక్కకి వెళ్ళేవాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, బ్యాగు దారి పక్కన పెట్టి వెళితే చాలు. బ్యాగు కనపడితే మనిషి పక్కనే ఉన్నాడని గుర్తు, శ్రీలేఖ అక్కడ ఆగుతుంది. మా వాళ్ళకి ఈ పద్ధతి బాగా నచ్చింది. మనం ఎక్కడికెళ్తున్నామో నోటితో చెప్పం, బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగం. అడిగితే పని కాదని చిన్నప్పటినుంచీ నమ్మకం. ఆ నియమం చెప్పినప్పుడు రాజగోపాల్ గారు అక్కడ లేరు. కారు తాళం వేశానా లేదా అని చూసిరావడానికి వెళ్ళారు.

తర్వాత భానుమతి గారు వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టబోయారు. జయంతి గారు ఆ వేలు పట్టుకున్నారు.

"మనుషుల్ని అలా లెక్కపెట్టకూడదు భానూ. మంచిది కాదు."

"రూల్ వదినా. లీడర్ కౌంట్ చేయాలి."

"చేయి, వద్దన్నానా. వేరే ఏదన్నా లెక్కపెట్టు."

వాదించాలంటే నిలబడాలి. భానుమతి గారు నిలబడలేరు. అందుకని బ్యాగులు లెక్కపెట్టారు. మనిషికొక బ్యాగు ఉంది కదా, తేడా ఏముంది? అందులోనూ చాలావరకు ఒకే రకం నీలం బ్యాగులు, ఏదో తెలుగు మహాసభల్లో ఉచితంగా పంచినవి. మార్లీన్ అది చూశారు. కనుబొమ కొంచెం కదిలిందేమో, నేను ప్రమాణం చేయలేను.

నడక మొదలైంది. భానుమతి గారు ముందు. పాపం, ఆవిడ పరుగెత్తకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో వెనకనుంచి చూస్తే తెలుస్తోంది. నాలుగు అడుగులు గబగబా వేసి, మార్లీన్ గుర్తొచ్చి, రెండు అడుగులు నెమ్మదిగా వేసేవారు.

పైకి పోయినకొద్దీ పైన్ చెట్లు పొట్టివై, వంకర తిరిగి, ఒకచోట ఇక మేం రాలేమన్నట్టు ఆగిపోయాయి. అక్కడినుంచి అంతా పచ్చిక. ఊదారంగు లూపిన్ పూలు, వాటి మధ్య కుంకుమ చల్లినట్టు ఎర్రపూలు. మంచు కరిగిన నీళ్ళు గడ్డి కిందనుంచి ఎక్కడికో తొందరగా పోతున్నాయి. గాలికి ఆ వాలంతా ఒక్కసారిగా ఇటు వంగి, మళ్ళీ అటు వంగుతోంది. ఆ లోయలో కుదురుగా ఉన్నది ఏదీ లేదు. భానుమతి గారు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో నాకప్పుడు అర్థమైంది.

ఆ అందంలో ఒక్కటే లోపం. మైళ్ళ దూరం చాటు అన్నది లేదు.

ఫ్రాగ్ లేక్ అనే చిన్న చెరువు దాటగానే నా బూటు అట్ట ఊడిపోయింది. సేల్‌లో చవగ్గా వచ్చాయని కొని, ఆరేళ్ళు గరాజ్‌లో దాచిన బూట్లు. దాస్తే జిగురు చచ్చిపోతుందని నాకెవరు చెప్పారు? శ్రీలేఖ తన జుట్టు రబ్బర్‌బ్యాండ్లతో అట్ట కడుతూ, "ఆంటీ, ఇవి మ్యూజియంలో పెట్టాల్సినవి," అంది. మేమిద్దరం వెనకబడ్డాం. అందరూ ముందుకి పోయారు, రాజగోపాల్ గారు మాత్రం మాకు కొంచెం ముందు, ఆయాసపడుతూ ఒంటరిగా పోతున్నారు.

మేం చాలాసేపటికి లోయ పైభాగంలో, విన్నెముక్కా సరస్సు ఒడ్డుకి చేరాం. గుంపంతా అప్పటికే బ్యాగులు ఒకచోట పడేసి, ఆడవాళ్ళొకవైపు, మగవాళ్ళొకవైపు బండల మీద చేరారు. భానుమతి గారు బ్యాగులు లెక్కపెట్టారు. సరిపోయాయి. మార్లీన్ వైపు చూసి కొంచెం గర్వంగా తలూపారు. మార్లీన్ యాపిల్ కొరికారు.

పులిహోర వడ్డించాక ఒక ప్లేటు మిగిలింది.

ఎవరిదని అడిగితే అందరూ తమ ప్లేటు చూపించారు. అప్పుడు జయంతి గారు మగవాళ్ళ బండలవైపు ఒకసారి చూసి, మళ్ళీ చూసి, "మా ఆయనేరీ?" అన్నారు.

మగవాళ్ళు ఆయన ఆడవాళ్ళ దగ్గరున్నారనుకున్నారట. భానుమతి గారు బ్యాగుల కుప్ప దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళి ఒక నీలం బ్యాగు తెరిచారు. లోపల మడత నలగని చేతిరుమాలు, గుండె డాక్టర్ల పత్రిక. బ్యాగు ఉంది, మనిషి లేడు. ఆవిడ నెమ్మదిగా భర్తవైపు తిరిగారు.

"ఏమండీ. దారి పక్కన ఏదన్నా బ్యాగు కనపడిందా మీకు?"

"కనపడకేం," అన్నారు రాజగోపాల్ గారు, ఎవరో ఒకరు అడిగినందుకు సంతోషంగా. "ఎవరో పాపం మర్చిపోయారు. నేను కాబట్టి మోసుకొచ్చా. రెండు బ్యాగులతో ఈ కొండ ఎక్కితే ఒక్కళ్ళూ థాంక్స్ అనలేదు."

ఆయన జీవితంలో తానై లేచి ఒకరికి సాయం చేసిన సందర్భాలు అరుదు. వాటిలో ఇదొకటి. నలభై ఏళ్ళ అలవాటు ఆ రోజే మార్చుకోవాలా అని ఎవరైనా అనుకుంటారు. భానుమతి గారికి ఆ మాట అనడానికి టైము లేదు. ఆవిడ అప్పటికే బూటు లేసులు బిగిస్తున్నారు.

వంగినావిడ వంగినట్టే ఆగిపోయారు. లీడర్ గుంపుని వదిలి వెళ్ళకూడదు. ఎవరైనా తప్పిపోతే తోకని, తోడు ఇంకొకరిని పంపాలి, తాను మిగతావాళ్ళతో ఉండాలి. ఆ రూలు నాలుగేళ్ళు ఆవిడే తోకగా పాటించారు. వెతకడానికి వెళ్ళింది ఎప్పుడూ ఆవిడే. లీడర్ ఎవరో కూర్చుని ఉండేవారు. ఆ కూర్చునేవాళ్ళ సంగతి ఆవిడ ఎన్నడూ ఆలోచించినట్టు లేదు.

శ్రీలేఖని పంపారు, ఆమె ఆఫీసు స్నేహితుడొకడిని తోడిచ్చారు. "దారి వదలొద్దు. పిలుస్తూ వెళ్ళండి. ఆయన బ్యాగు పెట్టిన చోటే ఉంటారు, రూల్ విన్న మనిషి," అన్నారు. బ్యాగు ఎక్కడ కనపడిందని భర్తని అడిగితే, "పూలున్న చోట," అన్నారాయన. కనుచూపు మేర పూలే.

వాళ్ళిద్దరూ కనుమరుగైన కాసేపటికే కొండ కొమ్ము వెనకనుంచి నల్లగా ఒక మబ్బు తల ఎత్తింది. సియెర్రాలో మధ్యాహ్నం ఉరుములు మామూలే, కాకపోతే ఆ బయల్లో పిడుగుకి నిలువుగా కనపడేది మేమే. భానుమతి గారు మమ్మల్ని సరస్సు ఒడ్డునుంచి కిందికి, ఒక పల్లంలోకి దించారు, దారి కనపడేలా. అక్కడ కూర్చోమన్నారు. కూర్చున్నాం. ఆవిడ తిరగడం మొదలుపెట్టారు. ఈ బండనుంచి ఆ బండకి, ఆ బండనుంచి ఈ బండకి. ప్రతి తిరుగుడికీ దారివైపు రెండడుగులు ఎక్కువ పడుతున్నాయి. ఇంకో నాలుగు తిరుగుళ్ళైతే ఆవిడ ఫ్రాగ్ లేక్ చేరేవారే. ఆవిడని చూసి ఇద్దరు మగవాళ్ళు లేచి నిలబడ్డారు, మేమూ వెళ్ళి చూస్తామన్నారు. ఇంకెవరో కార్ల దగ్గరికి పోదామన్నారు. దూరంగా ఒక ఉరుము దొర్లింది. జయంతి గారు లేచి చీర కొంగు బిగించారు. అవును, ఆవిడ చీర, బూట్లతో వచ్చారు.

"నేను వెళ్తున్నా భానూ."

"వద్దు వదినా. నేనే వెళ్తా. పరిగెత్తితే పది నిమిషాలు."

అంటూనే మార్లీన్ వైపు చూశారు. నేనూ చూశాను. ఆ ముసలావిడ మొహంలో ఏ సలహా లేదు. రెండేళ్ళు ఆ మొహంలో అలా నిలబడి ఉన్నాయి.

జయంతి గారు భానుమతి గారి మణికట్టు పట్టుకున్నారు.

"నేను ఆగాలంటే నువ్వు ముందు కూర్చో. నువ్విలా తిరుగుతుంటే నా కాళ్ళు ఆగట్లేదు."

భానుమతి గారు మా అందరినీ ఒకసారి చూశారు. సగం మంది నిలబడి ఉన్నారు, ఆవిడ ఎటు కదిలితే అటు కదలడానికి. అప్పుడు ఆవిడ కూర్చున్నారు.

మామూలుగా మనుషులు కూర్చున్నట్టు కాదు. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువేసి. నిలబడ్డ మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూలబడ్డారు. జయంతి గారు ఆవిడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆయనకి షుగర్ ఉంది," అన్నారు కొంతసేపటికి. "పొద్దున ఆ నాలుగో ఇడ్లీ నేనే బలవంతంగా పెట్టా."

"మంచిదేగా వదినా, తిన్నారు."

"వద్దన్నారు. కాఫీ కూడా రెండోసారి నేనే పోశా."

భానుమతి గారికి ఆ మాటతో సంగతి అర్థమైంది. నాకూ అయింది. నవ్వు రాబోయి, మళ్ళీ ఉరిమితే ఆగిపోయింది. ఆవిడ మోకాలు దానంతటదే ఎగురుతోంది. జయంతి గారు ఆ మోకాలి మీద చేయి వేశారు. అది కాసేపాగి రెండోది ఎగరడం మొదలుపెట్టింది. రాజగోపాల్ గారు దగ్గరికొచ్చి, "భానూ, నేను..." అన్నారు. "కూర్చోండి," అన్నారావిడ. ఆయన కూర్చోవడంలో నేర్పరి. వెంటనే కూర్చున్నారు.

చినుకులు పడ్డాయి, ఆగాయి. అంతసేపటిలో ఆవిడ చేసిందల్లా దారివైపు చూడటం. ఎంతసేపని అడిగితే నేను చెప్పలేను. నా బూటు రబ్బర్‌బ్యాండు తెంపి, మళ్ళీ కట్టి, మళ్ళీ తెంపినంతసేపు.

చివరికి మలుపులో శ్రీలేఖ టోపీ కనపడింది. వెనకాల ఇస్త్రీ చొక్కా. ఇస్త్రీ చెడలేదు.

అందరం లేచాం. భానుమతి గారు లేవలేదు. వాళ్ళు పల్లంలోకి దిగి, జయంతి గారు భర్త చేయి పట్టుకున్నాక లేచారు. లేవగానే తిరగలేదు, ఆశ్చర్యం, ఆయన నాడి చూశారు. పాత నర్సు కదా.

జరిగిందిది. లక్ష్మీపతి గారు రూలు ప్రకారం బ్యాగు దారి పక్కన పెట్టి, నీళ్ళ బాటిల్ తీసుకుని చాటు కోసం వెళ్ళారు. ఒక దిబ్బ దాటితే ఇంకా ఎవరి టోపీయో కనపడుతోంది. ఇంకో దిబ్బ దాటారు. ఆ మనిషి పరువు కొలతలు వేరు. తిరిగొచ్చేసరికి బ్యాగు లేదు. ఎలుగుబంటి ఎత్తుకుపోయిందనుకున్నారట, ఎలుగుబంట్లకి తిండి వాసన తెలుసునని ఎక్కడో చదివారు. ఆ అనుమానంతో కూడా అక్కడే బండ మీద కూర్చున్నారు, ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలన్నారు కాబట్టి.

"మీరు ఆయనకి కనపడుతూనే ఉన్నారట ఆంటీ," అంది శ్రీలేఖ నాతో. "మీది రెడ్ షర్ట్ కదా. మనిద్దరం వెళ్ళిపోతుంటే రెండో దిబ్బ దగ్గరినుంచి చూశారట."

జయంతి గారు భర్తవైపు తిరిగారు. "చూస్తూ ఊరుకున్నారా? అరవచ్చుగా."

లక్ష్మీపతి గారు మా అందరినీ చూసి, తర్వాత తన బూట్లు చూసుకుని, నెమ్మదిగా అన్నారు.

"ఏమని అరవను?"

ఎవరూ నవ్వలేదు. ఆయన ముందు నవ్వకూడదని ఎంత గట్టిగా పట్టుకున్నామంటే, ఒకాయనకి ఎక్కిళ్ళు వచ్చాయి.

దిగేటప్పుడు భానుమతి గారు దారి చీలిన ప్రతి చోటా ఆగారు. జయంతి గారి భుజం మీద చేయి వేసి, "వదినా, కళ్ళు మూసుకో," అని చెప్పి, మమ్మల్ని వేలుతో ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. జయంతి గారు కళ్ళు మూసుకున్నారు. మొగుణ్ణి లెక్కపెట్టినప్పుడు మాత్రం ఒక కన్ను తెరవడం నేను చూశాను.

కార్ల దగ్గర భానుమతి గారే మార్లీన్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఏదో అనేలోపు తనే చెప్పేశారు. మనుషుల్ని లెక్కపెట్టాల్సింది, పెట్టలేదు. ఒక మనిషిని పోగొట్టాను. పైన కూర్చున్నానే గానీ మనసులో మీ అందరినీ వదిలేసి ఎన్నిసార్లు పరిగెత్తానో నాకే తెలియదు. రెండేళ్ళ తర్వాత వస్తాను.

మార్లీన్ ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు. ఆవిడ ఇంగ్లీషులో అన్నదానికి ఇది నా తెలుగు.

"బ్యాగులు లెక్కపెట్టడం తప్పే. ఇంకెప్పుడూ చేయకు. మనసు ఎక్కడికి పోయిందో నాకనవసరం. నేను నీ బూట్లు చూస్తూ కూర్చున్నాను. అవి కదల్లేదు." తన బ్యాగు దించుకుంటూ, "లీడర్ పని చాలావరకు అదే," అన్నారు.

భానుమతి గారు ఆ మాట విని సంతోషించారనుకున్నాను. దగ్గరగా చూస్తే మొహంలో దిగులు కూడా ఉంది. పాస్ అయ్యారు, కానీ ఏ పనికి పాస్ అయ్యారో ఇప్పుడే తెలిసింది.

రాజగోపాల్ గారు పశ్చాత్తాపంతో కారు డిక్కీలోంచి మడత కుర్చీ తీసి, విప్పి, చేత్తో దుమ్ము దులిపి, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ కప్పులో పోసి, "కూర్చో భానూ," అన్నారు.

"ఇవాళ్టికి కూర్చున్నది చాలు," అని ఆవిడ కప్పు అందుకుని, కార్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ కుర్చీ వృథా పోకుండా రాజగోపాల్ గారు చూసుకున్నారు. మార్లీన్‌కి వచ్చే శనివారం గురించి ఇంకా ఏదో చెప్పాల్సి ఉందట. ఒకటి రెండుసార్లు పిలిచి చూసి, ఆగేలా లేరని, ఆ ముసలావిడ కూడా తనకిచ్చిన కప్పు పట్టుకుని భానుమతి గారి వెనకాల నడిచారు.